పొద్దూకితే మాయమయ్యే నూక

ప్రతి ఏడూ ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి నేను కాసేపు ఆగిపోతాను. జగిత్యాలలో మా కాలేజీ క్లాసు గదికి పడమటి వైపు కిటికీలు. మూడు దాటాక ఎండ బల్లల మీదికి జారుతుంది. అందులో దుమ్ము మెల్లగా పైకీ కిందికీ తేలుతుంటుంది. నేను బోర్డు మీద నీటిమట్టానికి ఒక గీత గీసి, దాని కింద చుక్కలు పెడతాను. ఇవి పగలు కింద ఉంటాయి, పొద్దూకితే పైకొస్తాయి, తెల్లవారకముందే మళ్లీ దిగిపోతాయి అని చెప్తాను. చెప్పి, చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడిపోతాను. వెనక బెంచీ ఆడపిల్లలు మేడమ్‌కు నిద్రొస్తుందని నవ్వుకుంటారు. నిద్ర కాదు. ఆ చుక్కల్లో నాకొక చెరువు కనిపిస్తుంది, చెరువు మీద తెప్ప, తెప్ప మీద మా బాపు.

ఆ చుక్కల పేరు జంతుప్లవకాలు. పేరే పెద్దది, ప్రాణి మాత్రం కంటికి ఆనీ ఆనదు. చేపపిల్లలకు అవే అన్నం. వెలుతురులో పైన తిరిగితే చేపల కంట పడతాయి కాబట్టి పగలంతా అడుగున దాక్కుంటాయి. వెలుతురు పోగానే పైకొచ్చి, పైన పెరిగే పచ్చటి నాచు తిని, మళ్లీ దిగుతాయి. రోజూ ఇదే పని. నేను కోరుట్లలో పొద్దున బస్సెక్కి జగిత్యాలకు, సాయంత్రం జగిత్యాలలో ఎక్కి కోరుట్లకు తిరిగినట్టే. కాకపోతే వాటికి సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేసే బాధ లేదు.

నేను ఎమ్మెస్సీ చివరి ఏడులో ఉన్నప్పుడు మా గైడ్ మేడమ్ నాకు ఈ ప్రాణుల మీదే ప్రాజెక్టు ఇచ్చింది. నడి సముద్రంలో వందల మీటర్ల లోతుల్లో జరిగే ఈ ప్రయాణం గురించి పుస్తకాల నిండా ఉంది. తీరం పక్కన లోతులేని ఉప్పునీటి కయ్యలుంటాయి కదా, ఎండకు వెచ్చబడే నీళ్లు, మనిషి దిగితే మెడ దాకా వచ్చే నీళ్లు. అంత తక్కువ లోతులో కూడా ఇవి పైకీ కిందికీ తిరుగుతాయా అన్నది మేడమ్‌కు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. "మనకు సముద్రం ఎక్కడిదమ్మా, చెరువన్నా ఉంది గదా, అందులో చూడు" అంది.

మాది సిరిసిల్ల. గంభీరావుపేట దిక్కు, రోడ్డుకు కొంచెం లోపల ఒక చెరువుంది. వానలు బాగా పడ్డ ఏడు కూడా రెండు నిలువుల లోతు దాటదు. అదే ఖాయం చేసుకున్నాను. కావలసిందల్లా ఒక వల. మామూలు చేపల వల కాదు, గరాటు ఆకారంలో కుట్టిన సన్నటి జాలి బట్ట. నీళ్లు దాటిపోవాలి, నూకలో సగం కూడా ఉండని ప్రాణి మాత్రం అందులో ఆగిపోవాలి. నేను చదివే కాలేజీలో ఉన్న ఒక్క వలనూ ఆ ఏడు ఇంకో అమ్మాయి తన ప్రాజెక్టుకు తీసుకుపోయింది. నేను ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చున్నాను. నాకు కోపం వస్తే అన్నం మీద చూపిస్తాను, అది ఇప్పటికీ పోలేదు.

"ఏమైంది?" అని బాపు అడిగాడు. ఆయన మాట ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. సాంచాల చప్పుడులో ముప్పై ఏళ్లకు పైగా నిలబడ్డ మనిషి. సాంచా అంటే మా ఊళ్లో మరమగ్గం.

వల సంగతి చెప్పాను.

"అది బట్టనేనా?"

"బట్టనే బాపు. సన్నగ, కండ్లు కండ్లుగ ఉంటది."

"నేసేటోని ఇంట్ల ఉండి బట్ట కోసం ఏడుస్తవా?" అని గట్టిగా నవ్వాడు.

నేను నమ్మలేదు. బాపు చేతిమగ్గం నేర్చుకున్నాడు గానీ, పెళ్లి కాకముందే సాంచాల మీదికి వెళ్లిపోయాడు. "సాంచా నేస్తది, నేను కాపలా ఉంట" అని తన పని గురించి తానే వెక్కిరించుకునేవాడు. తెగిన పోగు ముడేయడం, నూలు అయిపోయిన కండె మార్చడం, మళ్లీ నిలబడడం. ఆ ఏడు ఆర్డర్లు సరిగా లేక సాంచాలు వారంలో సగం రోజులు ఆగే ఉండేవి. ఇంట్లో కూర్చుంటే ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కాలేజీ నుంచి పాత వల ముక్క ఒకటి, గోరంత ముక్క, తెచ్చి భూతద్దంతో చూపించాను. చాలాసేపు చూశాడు. "పోగుకు పోగుకు నడుమ పోగంత సందు. అయితది" అన్నాడు.

ఒక చెక్క చట్రం తయారుచేసుకున్నాడు. వెంట్రుకంత సన్నటి పాలిస్టర్ దారం ఎక్కడి నుంచో సంపాదించాడు. పడుగు పోగులు ఒక్కొక్కటే నిలువుగా చట్రానికి కట్టి, పేక పోగును అడ్డంగా వేళ్లతో కింది నుంచి మీదికి, మీది నుంచి కిందికి తీసుకుపోతూ, పగలంతా వాకిట్లో కూర్చుని నేశాడు. ఒక్కో రోజు బెత్తెడు కూడా దిగేది కాదు. పక్కింటి వాళ్లు వచ్చి చూసేవారు. "నా బిడ్డ సదువుకు నేస్తున్న" అని అందరికీ వినబడేట్టు చెప్పేవాడు. అంత పలచటి బట్టలో పోగులు జరగకుండా, గంజిలో చింతగింజల బంక కలిపి కుంచెతో పూశాడు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. నేత ఇంట్లో పుట్టినదాన్ని, బట్టకు గంజి పెడితే నాకు వింతేముంది? ఆ వాసన నా చిన్నప్పటి వాసన. పైపెచ్చు, కుంచె నేనే అందించాను.

అమ్మ దాన్ని గరాటులా కుట్టింది. పైన ఇనుప రింగు, కింద ప్లాస్టిక్ సీసా. చూస్తే నాకే ముద్దొచ్చింది. ఆయన చేతులతో నేసిన బట్ట అన్నేళ్లలో అదే మొదటిది. అది నా చదువుకు అక్కరకు రావాలన్నదే ఆ ఏడు ఆయన కోరిక. నోరు తెరిచి చెప్పలేదు గానీ, ఆ వలను బండి మీద ముందు పెట్టుకుని, గుంతలు వచ్చినప్పుడల్లా ఒక చేత్తో పట్టుకునే తీరులో తెలిసిపోయేది.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. ఇప్పుడు వెనక్కి చూస్తే అవి విడివిడి రోజుల్లా తోచవు, ఒకే పెద్ద ఆదివారంలా ఉంటాయి. పదింటికల్లా చెరువు. అక్కడ చేపలు పట్టే ఒక పెద్దాయన తన థర్మాకోల్ తెప్ప మీద మమ్మల్ని లోపలికి తీసుకుపోయేవాడు. మిట్టమధ్యాహ్నం ఒకసారి అడుగున, ఒకసారి పైన వల లాగేదాన్ని. తర్వాత వలను ఎండకు పెళుసెక్కకుండా తెప్ప పక్కన నీళ్లలోనే వేలాడదీసి, పొద్దూకే దాకా ఆగాలి. ఒడ్డున తుమ్మ చెట్ల కింద చద్ది తిని, చెరువు వైపు చూస్తూ పడుకునేవాళ్లం. ఎండలో నీళ్లు కదలకుండా ఉండేవి. ఎప్పుడో మునిగిపోయిన బండ్ల బాట ఒకటి నీళ్ల కింద తెల్లగా, ఎక్కడికో పోతున్నట్టు కనిపించేది. కళ్లు మూసుకుంటే నేను ఆ బాట మీదుగా నడుచుకుంటూ అడుగుకు పోయేదాన్ని. అక్కడ పచ్చటి చీకట్లో వేలకు వేల ప్రాణులు ఊపిరి బిగబట్టుకుని పొద్దూకడం కోసం ఎదురుచూస్తూ ఉండేవి.

బాపుకు ఆ నిశ్శబ్దం కొత్త. మొదటి ఆదివారం చెవుల్లో వేలు పెట్టుకుని తిప్పుకున్నాడు. "ఈడ ఏం ఇనస్తలేదు బిడ్డా. చెవులు పోయినట్టే ఉన్నది" అన్నాడు. ఆయన మాట్లాడితే చెరువు అవతలి దాకా పోయేది. "అన్నా, జర మెల్లగ, చేపలు జడుసుకుంటయ్" అని తెప్ప పెద్దాయన బతిమాలుకునేవాడు.

మధ్యాహ్నం అడుగున లాగిన వలలో ప్రాణులు దండిగా వచ్చేవి. సీసాను వెలుతురుకు పట్టి చూపిస్తే బాపు, "ఏందే, నూక ఈదుతున్నట్టున్నది" అని మురిసిపోయేవాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ అవి నూకే. పైన లాగితే ఏమీ ఉండేవి కావు. అంతవరకూ పుస్తకం చెప్పినట్టే ఉంది. పొద్దూకాక పైన లాగితే నిండా రావాలి కదా. రాలేదు. పదో పరకో పెద్ద ప్రాణులు తప్ప సీసా ఖాళీ. పైకి రాకపోతే అడుగునే ఉండాలని అడుగున లాగాను. అక్కడా లేవు.

"నూక ఏడవోయింది?" అన్నాడు బాపు.

వరసగా పదకొండు ఆదివారాలు అంతే. మధ్యాహ్నం వేలకొద్దీ కనిపించిన ప్రాణులు పొద్దు వాలగానే చెరువులోనే లేకుండా పోయేవి. వారం మధ్యలో బాపు వలను మంచినీళ్లతో కడిగి, కడిగితే చెదిరిన పోగులు సర్ది, నీడలో ఆరేసి, శనివారం సాయంత్రం మళ్లీ గంజి పూసి సిద్ధం చేసేవాడు. ఒక్కవారం కూడా మరవలేదు. నేను మాత్రం ఆ మాయమయ్యే ప్రాణుల మోహంలో పడిపోయాను. ఏ సముద్రంలోనూ లేని వింత మా చెరువులో జరుగుతుందనుకున్నాను. బస్సులో కూర్చుంటే కిటికీలోంచి పొలాలు కనబడేవి కావు, గుంపులు గుంపులుగా ఎక్కడికో తరలిపోయే నూక కనబడేది. తుంగలోకి పోతున్నాయేమో, బురదలోకి దిగుతున్నాయేమో. అంత చిన్న ప్రాణికి మనకు తెలియని దారి ఒకటుందంటే ఎంత బాగుంటుంది!

మేడమ్ మాత్రం మురిసిపోలేదు. "కిందా లేవు, పైనా లేవు. మరి ఎక్కడికి పోయినట్టమ్మా?" అంది.

"బురదలోకి మేడమ్."

"బురద తీసి చూశావా?"

చూశాను. బురదలో లేవు. తుంగలోనూ లేవు. అయినా నేను వాదన మానలేదు. లోతులేని నీళ్లలో ఇవి పైకి రావు, పక్కకు పోతాయి అని ఏకంగా ఒక అధ్యాయం రాసేశాను. మొండిదాన్ని అని అమ్మ ఊరికే అనదు.

పదకొండో ఆదివారం పని అయిపోయాక, పొద్దు గుంకి ఇంకా మసక వెలుతురు ఉండగా, ఒడ్డున మోకాళ్ల లోతులో నిలబడి టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. ముంచిన డబ్బాలో నీళ్లు నిండాయి. చెప్పులెక్కడ విడిచానో చూద్దామని సెల్లు లైటు వేస్తే, ఆ వెలుతురు డబ్బాలో పడింది. నీళ్లు కదులుతున్నాయి. నీళ్లు కాదు, అవి. డబ్బా అంచు నుంచి అంచు దాకా, తెల్లగా, అద్దంలా, మీసాలు ఊపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నేను పదకొండు వారాలు వెతికిన నూకంతా నా టిఫిన్ డబ్బాలో ఉంది. ఇంకోసారి ముంచాను. మళ్లీ నిండా. నా కాళ్ల చుట్టూ, కనుచూపు మేర చెరువంతా, అవి పైకి వచ్చి ఉన్నాయి. ప్రతి ఆదివారం వచ్చే ఉంటాయి. సంతోషంతో నవ్వబోయి, ఒడ్డు మీద వలను జాగ్రత్తగా మడతపెడుతున్న బాపును చూశాను. నవ్వు ఆగిపోయింది.

"ఏంది బిడ్డా?" అన్నాడు.

"ఏం లేదు బాపు" అని డబ్బా ఒంపేశాను.

మర్నాడు ఆయన బయటికి పోయినప్పుడు వల అంచును నీళ్లలో నానబెట్టి భూతద్దంతో చూశాను. మొదట్లో చిన్న చిన్న కిటికీల్లా కుదురుగా ఉన్న సందులు, గంట గంటకూ గంజి కరిగిన కొద్దీ చెదిరిపోయాయి. పట్టు లేక పోగులు పక్కకు జరిగి గుంపులు కట్టాయి, నడుమ పెద్ద పెద్ద ఖాళీలు పడ్డాయి. మధ్యాహ్నం గంజి ఇంకా గట్టిగా ఉన్నప్పుడు వల ప్రాణుల్ని పట్టేది. అన్ని గంటలు నానిన తర్వాత, పొద్దూకే వేళకు, అవి ఆ ఖాళీల్లోంచి హాయిగా దాటిపోయేవి. ప్రతి వారం బాపు కొత్తగా గంజి పెడుతుంటే, ప్రతి వారం అదే తప్పు అదే వేళకు జరిగింది. మాయమైంది నూక కాదు.

ఆ సంగతి ఆయనకు చెప్పాలంటే నోరు రాలేదు. చెప్తే ఆ వలను ఏం చేస్తాడో, తన చేతుల్ని ఎట్లా చూసుకుంటాడో అని భయం. కాలేజీకి పోయి, కాలేజీ వల తీసుకుపోయిన అమ్మాయి పని అయిపోవడంతో దాన్ని అడిగి తెచ్చుకున్నాను. "మేడమ్ ఇది గూడ ఎయ్యమన్నది" అని ఇంట్లో అబద్ధం చెప్పాను. శనివారం సాయంత్రం బాపు ఎప్పటిలాగే తన వలకు గంజి పూశాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు వలలూ వేశాం, రెండింటిలోనూ ప్రాణులు వచ్చాయి. పొద్దూకింది. ముందు కాలేజీ వల పైపైన లాగాను. సీసాలో నూక కిక్కిరిసి ఉంది. తెప్ప పెద్దాయన, "ఓర్నీ, అచ్చినయ్‌రా!" అని గెడ వదిలేసి చూశాడు. బాపు సీసాను రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

"ఇగ నాది ఎయ్యి" అన్నాడు.

"చీకటైతున్నది బాపు, సాలు."

"ఎయ్యి బిడ్డా."

వేశాను. ఏం వస్తుందో తెలిసి లాగిన ఆ తాడు బరువు చేతిలో ఇంకా ఉంది. సీసాలో నాలుగైదు పెద్ద ప్రాణులు, అంతే. బాపు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత తడిసిన వలను రెండు బొటనవేళ్ల నడుమ సాగదీసి, పడమట మిగిలిన ఎర్రటి వెలుతురుకు అడ్డంగా పట్టాడు. తెప్ప నీళ్ల మీద మెల్లగా తిరుగుతూ ఉంది.

"గంజి పోయింది" అన్నాడు చివరికి. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. "నాకు తెల్వాలె. బట్ట మగ్గం దిగేదాకనే నాకు తెలుసు. నీళ్లల్ల పడ్డంక ఎట్లుంటదో నేనెన్నడు ఆలోచన జెయ్యలే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు గూడ తెల్వలే బాపు" అన్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. "పోయిన ఆదివారం" అన్నాను.

"నిన్న నేను గంజి పెడుతుంటే సూసుకుంట కూసున్నవ్."

"నీకు బాధ అయితదని..."

"తప్పు దొరికితే ముందుగాల నేసినోనికి సూపియ్యాలె బిడ్డా. సూపియ్యకపోతే వాడు ఇంకో బట్ట తాను గూడ గట్లనే నేస్తడు. నన్ను గట్ల కూసోబెట్టినవ్ నువ్వు." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఇంటికి వచ్చేదాకా బండి మీద ఆయన వీపే తప్ప మొహం కనబడలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి వాకిట్లో చట్రం కట్టి ఉంది. ఈసారి పడుగు పోగులు రెండేసి తీసుకుని, పేక దాటినచోటల్లా ఒకదానికొకటి మెలేసి బిగించాడు. అట్లా మెలేస్తే గంజి లేకున్నా పోగు జరగదట. పని రెండింతలు. నన్ను పిలిచి భూతద్దం పట్టుకోమన్నాడు. "ఏడన్న వంకర కనిపిస్తే చెప్పు, మొగమాటపడకు" అన్నాడు. నేనూ మొహమాటపడలేదు. రోజుకు పదిసార్లు వేలు పెట్టి చూపించాను. "నీ కండ్లు మండ, మల్ల దొరికిచ్చుకున్నవా?" అని తిడుతూ, విప్పి మళ్లీ నేసేవాడు. ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. వల పూర్తయ్యాక ఒక పగలంతా బకెట్లో నానబెట్టి, గంటకోసారి తీసి చూసుకుని, అప్పుడు గానీ నా చేతికివ్వలేదు.

మేడమ్‌కు అంతా చెప్పాను. పదకొండు వారాల లెక్కలు, నా గొప్ప అధ్యాయం, అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ప్రాజెక్టు ఇచ్చే గడువు మీద పడుతుంది. మేడమ్ తిట్టాల్సినంత తిట్టి, చివర్లో "వలను తడిపి చూడాలని నాకూ తోచలేదు గదమ్మా" అంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఆదివారాలతో సరిపోదని సాంచాలు ఆగిన రోజుల్లో కూడా పోయేవాళ్లం.

కొత్త వలతో మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తు. గాలి లేదు. కొంగలు తుమ్మల మీదికి చేరుకున్నాయి. నీళ్లు, ఆకాశం ఒకే రంగులోకి వచ్చేశాయి, తెప్ప దేని మీద తేలుతుందో తెలియనట్టుంది. వల లాగితే సీసా నిండింది. నేను కేక పెట్టాను. బాపు సీసా వైపు ఒక్కసారి చూసి, తల ఊపి, తెప్ప అంచున బోర్లా పడుకుని చేయి నీళ్లలోకి ముంచాడు. మోచేతి దాకా.

"ఇప్పుడు పైకస్తున్నయా?" అన్నాడు.

"అస్తున్నయ్ బాపు."

"నా యేళ్ల నడుమకెల్లి పోతున్నయా?"

"పోతున్నయ్."

"తెలుస్తలేదు గని" అని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తెప్ప పెద్దాయన గెడ వేయకుండా ఆగాడు. మా కింద అంత పెద్ద గుంపు చప్పుడు లేకుండా లేచి వస్తుంటే, దాని నడుమ మా బాపు చేయి ఒక్కటి వేలాడుతూ ఉంది. ఆ సాయంత్రం అయిపోకపోతే బాగుండు అనిపించింది నాకు.

రెండు నిలువుల నీళ్లలో కూడా అవి పొద్దున దిగుతాయి, సాయంత్రం ఎక్కుతాయి. అదే తేలింది. కొత్త సంగతేం కాదు, వింత అసలే కాదు. గడువుకు ముందు వారం ఇంట్లో కూర్చుని ప్రాజెక్టు పుస్తకం పూర్తిచేశాను. పని జరిగిన తీరు రాసేచోట, కొన్ని సాంకేతిక కారణాల వల్ల మొదటి పదకొండు వారాల ఫలితాలను వదిలేశాం అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాసి దాటేశాను. బాపు ఇంగ్లిష్ చదవలేడు. నా పక్కన కూర్చుని, "నా వల గురించి రాసినవా?" అని అడిగాడు.

"రాసిన బాపు."

"ఏమని?"

తెలుగులో చెప్పాను. వినబడనట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా చెప్పాను.

"సాంకేతిక కారణం అంటే ఏంది?"

నేను పేజీ తిప్పబోయాను.

"సాంకేతిక కారణం అంటే నేనే గద" అన్నాడు. "మల్ల దాసినవ్. ఇది సదివి రేపు ఇంకో పిల్ల వాళ్ల బాపుతోటి వల నేపిచ్చుకుంటే, వాడు గూడ గంజి పెడుతడు. రాయి. ఎవలు నేసిండ్రో, ఏం తప్పు జేసిండ్రో రాయి."

"నీ తప్పని రాయాల్నా? నా తోటి కాదు."

"నేసింది నేనైతే తప్పు ఎవలది?" అని గద్దించాడు. "ఒప్పు రాస్తే నాదే అంటవు గద. ఇది గూడ నాదే."

ఆయన ముందే ఆ వాక్యం కొట్టేశాను. మొదటి వలను మా నాన్న చేత్తో నేశాడు, పోగులు జరగకుండా గంజి పెట్టాడు, నీళ్లలో గంజి కరిగి పోగులు జరిగాయి, ఆ సంగతి నేను చూసుకోలేదు, రెండో వలను కూడా ఆయనే గంజి లేకుండా పోగులు మెలేసి నేశాడు, ఈ ఫలితాలన్నీ దానితో వచ్చినవి అని రాశాను. రాస్తూ ఏడ్చాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి కింద ఎన్ని తానులు దిగాయో, దేశంలో ఎంతమంది ఒంటి మీదికి పోయాయో తెలియదు. వాటిలో ఒక్కటి కూడా ఫలానా వాడు నేసిందని ఎక్కడా ఎవరూ రాయలేదు. ఆయన నేశాడని కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు, అదీ ఒక తప్పును ఒప్పుకోవడానికి.

రాసింది తెలుగులో చదివి వినిపించాను. ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ విన్నాడు. అయిపోయాక కాసేపు కాగితం వైపు చూసి, "ఆఁ, గిప్పుడు సరిపోయింది" అన్నాడు.